అలమారాలో తుమ్ము

మూడో రోజు కూడా వాల్బోర్గ్ కూతురితో మాట్లాడలేదు.

మాట్లాడకపోవడం అంటే నోరు మూసుకోవడం అనుకునేరు. అలా అయితే ఆ ఇల్లు కాస్త ప్రశాంతంగా ఉండేది. ఆవిడ పొద్దున లేచిన దగ్గర్నుంచి మాట్లాడుతూనే ఉంది, కాకపోతే అంతా మొగుడితోనే. కూతురు అగ్నేటా అదే బల్ల దగ్గర, చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో కూర్చుని రొట్టెకి వెన్న రాసుకుంటోంది.

"హోల్గర్, కాఫీ చల్లారిపోతోందని నీ కూతురికి చెప్పు."

"అగ్నేటా, మీ అమ్మ కాఫీ..."

"విన్నాను నాన్నా."

"విన్నానంటోంది," అన్నాడు హోల్గర్ భార్యతో.

హోల్గర్ బ్రోక్ మా థియేటర్ వాద్యబృందంలో బసూన్ వాయిస్తాడు. మనిషంత పొడుగుండే ఆ చెక్క గొట్టాన్ని ఇరవై రెండేళ్ళుగా భుజాన మోస్తున్నాడు. ఇంట్లో తల్లీ కూతుళ్ళ మధ్య మాటలు మోయడం కూడా ఆయనకి కొత్తేం కాదు. మోసేవాడికి బరువు తెలియనివ్వకపోవడమే తెలివి అని ఆయన నమ్మకం. చీజు ముక్క ఒకటి కోసుకుని కిటికీలోంచి మంచు కేసి చూస్తూ కూర్చున్నాడు.

గొడవంతా సోమవారం నాటిది. పద్నాలుగేళ్ళుగా మూలపడి ఉన్న 'టోపీల కొట్టు' అనే బాలే నృత్యనాటకాన్ని కొత్త డాన్స్ మాస్టరు బ్రాండార్ఫ్ మళ్ళీ బయటికి తీశాడు. నవ్వించే బాలే అని దానికి పేరు. టోపీలు కుట్టే పిల్ల, ఆమె మీద మనసుపడ్డ కుర్రాడు, కుర్చీలో కునికిపాట్లు పడే కొట్టు యజమాని, కథంతా ఇంతే. రెండో అంకంలో ఆ పిల్ల ఒంటరిగా చేసే డాన్సే దానికి ప్రాణం. ఆ డాన్సు వాల్బోర్గ్‌ది. ఆవిడ గాలిలోకి లేచి దిగితే నేలకి కూడా తెలిసేది కాదని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ కత్తిరింపులు ఇప్పటికీ సొరుగులో ఉన్నాయి, దుమ్ము మాత్రం లేదు.

ఆ డాన్సుని తల్లి దగ్గర అడుగు అడుగునా నేర్చుకుని, పదిహేడేళ్ళ అగ్నేటా సోమవారం రిహార్సల్లో చేసి చూపించింది. ఒక్క తప్పు లేదు. ఒక్కరూ నవ్వలేదు.

బ్రాండార్ఫ్ పుస్తకాల పురుగు. పాత సామాన్ల జాబితా ఒకటి ఎక్కడో పట్టుకుని, దాని ప్రకారం గోదాములోంచి ఒక అలమారా తెప్పించి హాల్లో పెట్టించాడు. జాబితాలో 'రెండో అంకం: అలమారా, లోపల మనిషి పట్టాలి' అని రాసుందట. ఆ మనిషి ఎందుకో మాత్రం రాసిలేదు. అలమారా సంగతి శుక్రవారం పదకొండు గంటల్లోగా తెలుసుకుని రమ్మని అగ్నేటాతో చెప్పాడు. పన్నెండింటికి నటుల పేర్లు అచ్చుకి వెళ్ళాలి. ఈలోగా తేలకపోతే ఆ పాత్ర అగ్నేటాతో పాటు నేర్చుకున్న ఇంగర్‌కి. అసలు ఆయన కాగితంలో ముందు రాసుకున్న పేరు ఇంగర్‌దే. వాల్బోర్గ్ కూతురు కదా, తల్లి డాన్సు ఒంట్లో ఉంటుందని అగ్నేటాకి ఒక అవకాశం ఇచ్చాడు.

నా డాన్సులో అలమారా లేదు అని తల్లి తెగేసి చెప్పింది. జాబితాలో ఉంది కదమ్మా అంటే, జాబితా డాన్సు చేసిందా నేను చేశానా అంది. అప్పుడు అగ్నేటా ఆ ఇంట్లో పద్దెనిమిదేళ్ళుగా ఎవరూ పలకని పేరు పలికింది. తోరా పెద్దమ్మని అడిగితే తెలుస్తుందేమో అంది.

మౌనవ్రతం ఆ క్షణాన మొదలైంది.

తోరా పెద్దమ్మ ఏ దేశాంతరంలోనో ఉందనుకునేరు. నాలుగు ట్రామ్ స్టాపుల అవతల ఉంటుంది. ఇదే థియేటర్లో ముసలమ్మ వేషాలు వేస్తుంది. అక్కాచెల్లెళ్ళు రోజూ థియేటర్ మెట్ల మీద ఎదురవుతారు. "శుభోదయం, శ్రీమతి బ్రోక్ గారూ" అని అక్క అంటుంది. "శుభోదయం, మిస్ లిండాల్ గారూ" అని చెల్లెలు అంటుంది. ఒకే పక్కమీద పడుకుని పెరిగిన వాళ్ళు ఒకరినొకరు 'గారూ' అనుకుంటుంటే విన్నవాళ్ళకి ఒళ్ళు జలదరించేది. ఇప్పుడు అందరికీ అలవాటైపోయింది.

"హోల్గర్," అంది వాల్బోర్గ్, కప్పు కింద పెట్టి. "ఆ గడప తొక్కితే మళ్ళీ ఈ గడప తొక్కక్కర్లేదని చెప్పు."

హోల్గర్ కూతురి వైపు చూశాడు. ఈ మాట మోయాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టున్నాడు.

అగ్నేటా లేచి కోటు వేసుకుంది. "నాన్నా, రాత్రి భోజనానికి వస్తానని అమ్మతో చెప్పు," అని వెళ్ళిపోయింది.

* * *

తోరా లిండాల్ నాలుగో అంతస్తులో ఉంటుంది. కుడి కాలి మడమ బాగులేని మనిషి నాలుగో అంతస్తులో ఎందుకు ఉంటుందని ఎవరైనా అడిగితే, అద్దె తక్కువ, చుట్టాలు రారు అంటుంది. అగ్నేటా తలుపు తట్టేసరికి ఆవిడ సాయంత్రం వేషానికి ముసలమ్మ కుళ్ళాయి ఇస్త్రీ చేసుకుంటోంది. ఇరవై తొమ్మిదో ఏట మొదలుపెట్టిన ముసలితనం ఆవిడది. ఇప్పుడు నలభై ఏడు. రంగు పూసుకోవడం కాస్త తగ్గింది, అంతే.

"మీ అమ్మకి తెలిసే వచ్చావా?"

"తెలిసే వచ్చాను. వద్దంది."

"అయితే కూర్చో."

అలమారా సంగతి విన్నాక తోరా ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసింది. తరవాత అడిగిన మొదటి ప్రశ్న అలమారా గురించి కాదు. మీ అమ్మ నిన్ను చెయ్యి పట్టి నిలబెడుతుందా అని అడిగింది.

మా థియేటర్లో ఒక ఆచారం ఉంది. పాత్ర ఎవరిదో వాళ్ళు వచ్చి, కొత్తగా వేసేవాళ్ళని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, డాన్సు మొదలయ్యే చోట నిలబెట్టాలి. అప్పుడే పాత్ర చేతులు మారినట్టు. హాల్లోకి వచ్చి అలా నిలబెట్టకుండా లేచి వెళ్ళిపోతే, పాత్రని వదిలేసుకున్నట్టు లెక్క. అప్పుడది మాస్టరు ఇష్టం, ఆయన కాగితంలో పేరెవరిదైతే వాళ్ళదే. రాజుగారి కాలం నుంచీ ఇదే పద్ధతి. కొత్త మాస్టర్లు వస్తారు, పోతారు, దీన్ని మాత్రం ఎవరూ ముట్టుకోరు.

అమ్మ వస్తుందో రాదో తెలియదని చెప్పింది అగ్నేటా.

"సరే. డాన్సు మీ అమ్మ చేసిందే గానీ, అప్పటి మాస్టరు ఒక్కో అడుగూ కట్టింది నా మీద," అంది తోరా. "రెండు నెలలు కట్టాడు. మొదటి ప్రదర్శనకి రెండు రోజులుందనగా ఈ కాలు పోయింది. మీ అమ్మ అప్పుడు ఆర్హుస్ ఊళ్ళో ఎక్కడో ఆడుతోంది. రిహార్సల్ ఒక్కటీ చూడలేదు. టెలిగ్రాం ఇస్తే రైలు దిగి తిన్నగా నా మంచం దగ్గరికి వచ్చింది. కాలు కట్టు కట్టుకుని పడుకున్నదాన్ని ఎలా నేర్పుతాను? వేళ్ళతో నేర్పాను."

చూపుడువేలు, నడిమివేలు ఒళ్ళో పెట్టుకుని నడిపించి చూపించింది. అగ్నేటాకి ఆశ్చర్యం వేయలేదు. మా వాళ్ళందరికీ అది అలవాటే. ట్రామ్‌లో కూర్చుని మోకాలి మీద రెండు వేళ్ళు ఎగిరిస్తున్న మనిషి కనిపిస్తే పిచ్చి అనుకోకండి, డాన్సు గుర్తు చేసుకుంటోంది.

"మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేదాకా దుప్పటి మీద నేర్పాను. మీ అమ్మ బుర్ర చురుకైంది, ఒక్క సాయంత్రంలో అడుగులన్నీ పట్టేసింది. మిగతాది రేపు పొద్దున వచ్చాక చెప్తానన్నాను. వస్తానంది. పొద్దున కాఫీ పెట్టుకుని కూర్చున్నా. రాలేదు."

"మిగతాది అంటే?"

"తుమ్ము."

అగ్నేటా నవ్వబోయి, పెద్దమ్మ నవ్వకపోవడం చూసి ఆగింది.

సంగతి ఇదీ. కుర్రాడు అలమారాలో దాక్కుంటాడు. అందులో టోపీల ఈకలు. వాడికి తుమ్ము ఆగదు. బయట కుర్చీలో యజమాని కునుకుతున్నాడు. తుమ్ము వినబడితే లేస్తాడు, కొంప మునుగుతుంది. అందుకని వాడు తుమ్మినప్పుడల్లా ఆ పిల్ల గాలిలోకి ఎగిరి థప్పుమని దిగుతుంది. తుమ్ము ఆ చప్పుడులో కలిసిపోవాలి. ఆ డాన్సు మొత్తం చప్పుడు చెయ్యడం కోసమే.

"దుప్పటి మీద వేళ్ళకి చప్పుడు ఎక్కడిది?" అంది తోరా. "నేలకి తెలియకుండా దిగడం మీ అమ్మ పెద్ద గొప్ప. ఆ రోజు అలాగే దిగింది. రెండో రోజుకల్లా అలమారా తీయించేసింది. నవ్వు అంటే తక్కువరకం అనుకుంది కాబోలు. నా డాన్సు తీసుకుందని నాకు కోపం లేదమ్మా. ఈ కాలితో నేనెలాగూ చేయలేను. వస్తానని రాలేదు, అదీ నా బాధ. పద్దెనిమిదేళ్ళయింది, ఆ తుమ్ముని లోకంలో ఇంకెవరికీ చెప్పుకోలేదు."

తరవాత ఆవిడ కుర్చీ తెచ్చి బట్టల బీరువా పక్కన వేసుకుని కూర్చుంది. నేను తుమ్ముతాను, నువ్వు దిగు అంది.

మొదటి తుమ్ముకి అగ్నేటా అలవాటుగా మెత్తగా దిగింది. ఏడో ఏట నుంచీ చప్పుడు చేస్తే చీవాట్లు తిన్న కాళ్ళు, ఒక్కసారిగా మాట వింటాయా. కింద ఇంటివాళ్ళు ఏమంటారో అని కూడా భయపడింది. కింద ఉండేది చెవిటాయన అని తోరా చెప్పింది. చెవిటాయన కాకపోయినా దిగు అని కూడా అంది.

నాలుగో తుమ్ముకి గాజు పాత్రలు గలగలమన్నాయి. అయిదో తుమ్ముకి అగ్నేటా దిగుతూనే భయంగా యజమాని కుర్చీ ఉండాల్సిన వైపు చూసింది. ఎవరూ చూడమని చెప్పలేదు, మెడ దానంతట అదే తిరిగింది. తోరా తుమ్మడం ఆపి నవ్వడం మొదలుపెట్టింది. ఆ పిల్లా నవ్వింది. ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుకున్నారు.

ఇస్త్రీపెట్టె చల్లారిపోయింది. మళ్ళీ వేడెక్కేదాకా ఇద్దరూ కాఫీ తాగారు.

* * *

బుధవారం రాత్రి అగ్నేటా ఇంటికొచ్చింది. గడప తొక్కనిచ్చారు. పెద్దమ్మ మాట ఎవరూ ఎత్తలేదు. గురువారం సాయంత్రం బఠాణీల సూప్ ముందు కూర్చున్నప్పుడు అగ్నేటాయే ఎత్తింది.

"అమ్మా, ఆ అలమారాలో ఉన్నవాడు తుమ్మాలి."

వాల్బోర్గ్ చెంచా కింద పెట్టింది. నాలుగు రోజుల్లో మొదటిసారి తిన్నగా కూతురి మొహంలోకి చూసింది.

"తుమ్మాడు," అంది. "వాడు తుమ్మాడు. మీ పెద్దమ్మ చెబితేనే తుమ్మాడు."

హోల్గర్ చెంచా కూడా ఆగింది.

"నాకు ఇరవై నాలుగేళ్ళు. మొట్టమొదటి పెద్ద పాత్ర. పొద్దున మీ పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాలి, కుట్టుపని వాళ్ళు గౌను కొలతలని నన్ను వదల్లేదు. అడుగులన్నీ వచ్చు కదా, ఒక్క పూటకి ఏమవుతుందిలే అనుకున్నా. సాయంత్రం స్టేజీ ఎక్కాను. మొదటిసారి ఎగిరి దిగేటప్పటికి వెనక అలమారాలోంచి పెద్ద తుమ్ము. జనం గొల్లుమన్నారు. మళ్ళీ ఎగిరాను, మళ్ళీ తుమ్ము. మూడుసార్లు. అక్కడ నన్ను చూసి నవ్వుతున్న పదిహేనువందల మంది. ఆ అలమారాలో కుర్రాడి వేషంలో ఉన్న హాస్యగాడు మీ పెద్దమ్మకి ప్రాణస్నేహితుడు. మంచంలో పడి తన పాత్ర పోయిందన్న కడుపుమంటతో వాడిచేత తుమ్మించింది. మర్నాడే మేనేజరు గదికి వెళ్ళి ఏడిచాను. ఆయన అలమారా తీయించేశాడు. డాన్సు మాస్టరు అలిగి స్టాక్‌హోమ్ వెళ్ళిపోయాడు, ఎందుకు అలిగాడో ఒక్క ముక్క చెప్పలేదు. మీ పెద్దమ్మ గుమ్మం నేనెందుకు తొక్కుతాను?"

ఈ సంగతి ఆవిడ ఎప్పుడూ ఎవరికీ చెప్పి ఎరగదు. అగ్నేటాకి తల్లి మీద జాలి వేసింది. జాలి వేసినా చెప్పక తప్పలేదు. యజమాని, కునుకు, ఈకలు, చప్పుడు, అన్నీ పెద్దమ్మ చెప్పినట్టే చెప్పింది. కుట్టుపని వాళ్ళు వదలని ఆ పొద్దున పెద్దమ్మ కాఫీ పెట్టుకుని కూర్చుందని కూడా చెప్పింది.

వాల్బోర్గ్ అబద్ధం అంది. నీకు కథలు చెప్పి పంపింది అంది. తరవాత, తనకే ఏదో తట్టినట్టు మొగుడి వైపు తిరిగింది.

"హోల్గర్. ఆ డాన్సులో నీ బసూన్ మధ్యలో మూడుచోట్ల పిచ్చిగా అరుస్తుంది. అది ఏమిటి?"

హోల్గర్ మూతి తుడుచుకున్నాడు. "తుమ్ము."

"నీకెలా తెలుసు?"

"కాగితం మీద రాసుంది. 'ఇక్కడ తుమ్ము' అని."

"ఎప్పటినుంచి రాసుంది?"

"మొదటినుంచీ."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకు తెలుసనుకున్నా. తెలిసే తీయించావనుకున్నా." నిజాయితీపరుడు కనక మిగతాది కూడా చెప్పాడు. "అప్పటికి మన పెళ్ళి కుదరలేదు. నీకు కోపం వస్తుందేమోనని ఊరుకున్నా. కుదిరాక ఇప్పుడెందుకులే అనుకున్నా."

వాల్బోర్గ్ లేచి, సగం తిన్న గిన్నెలన్నీ ఎత్తేసింది. హోల్గర్ గిన్నెలో ఇంకా మాంసం ముక్క ఉంది, దాన్ని కూడా తీసుకుపోయింది. ఆయన అడ్డు చెప్పలేదు.

గిన్నెలు కడిగి, తుడిచి, వరసగా బోర్లించాక వెనక్కి తిరక్కుండానే మాట్లాడింది.

"అంటే నేను చప్పుడు చేసుంటే, ఆ తుమ్ము కలిసిపోయేది."

"అవునమ్మా."

"నేను మెత్తగా దిగుతుంటే వాడి తుమ్ము ఖంగుమని వినబడింది."

"అవును."

"మరి పత్రికలు అంత మెచ్చుకున్నాయేం?"

అగ్నేటా తల్లి దగ్గరికి వెళ్ళి, రేపు వచ్చి నన్ను నిలబెడతావా అని అడిగింది. వాల్బోర్గ్ తడిగుడ్డ పిండి ఆరేసింది.

"పదకొండింటికి కదా," అంది. పడగ్గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

* * *

శుక్రవారం పదకొండింటికి పది నిమిషాల ముందే హాలు నిండిపోయింది. అలాంటి సంగతులు మా థియేటర్లో ఎవరూ ఎవరికీ చెప్పరు, అందరికీ తెలిసిపోతాయంతే. గోడవారగా అలమారా. పియానో పక్కన బసూన్ పట్టుకుని హోల్గర్. ఆయన్ని ఎవరూ పిలవలేదు, ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు. ఈ బాలేలో టోపీ కొనుక్కోవడానికి వచ్చే ముసలమ్మ వేషం తోరాది, కనక ఆవిడ కుళ్ళాయి పెట్టుకుని బెంచీ మీద ఉంది. కిటికీ దగ్గర ఇంగర్ అప్పటికే బూట్ల రిబ్బన్లు కట్టుకుని కూర్చుంది. మంచి పిల్ల. పదేళ్ళుగా అగ్నేటా పక్కనే నిలబడి కాళ్ళెత్తిన పిల్ల.

సరిగ్గా పదకొండింటికి వాల్బోర్గ్ వచ్చింది. నల్ల కోటు, నల్ల టోపీ. రాత్రి నిద్రలేదని మొహం చెబుతోంది.

బ్రాండార్ఫ్ లేచి వంగి స్వాగతం చెప్పాడు. ఆయన కొత్తవాడు, ఆచారాల దగ్గర అతిజాగ్రత్త. పాత్రని ఎవరికి అప్పగిస్తున్నారని పద్ధతి ప్రకారం అడిగాడు. అగ్నేటా చెయ్యి కాస్త ముందుకు చాచి నిలబడింది. తల్లి నాలుగు అడుగులు వేస్తే చాలు. ఆ తరవాతిదంతా తన కాళ్ళు చూసుకుంటాయి.

వాల్బోర్గ్ నాలుగు అడుగులు వేసింది. కూతురి ముందు ఆగకుండా బెంచీ దాకా వెళ్ళింది.

"అక్కా," అంది.

ఇక్కడ పనిచేసే వాళ్ళలో సగం మంది ఆ మాట ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు.

"నా దగ్గర ఉన్నది సగమేనట," అంది వాల్బోర్గ్. "సగం పాత్రని పిల్ల చేతిలో ఎలా పెట్టను? మిగతాది నాకు చెప్పు. ముందు నాకు చెప్పు. తరవాత నేను దానికి ఇస్తాను."

తోరా తల మీది కుళ్ళాయి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ముసలమ్మ పోయి, మొహం ఎర్రబడ్డ ఒక మామూలు ఆడమనిషి మిగిలింది.

"ఇక్కడ చెప్పను," అంది. "ఇంతమందిలో చెప్పడానికి కాదు ఇన్నేళ్ళు కూర్చున్నది. ఇంటికి వస్తానన్నావు. ఇంటికే రా."

"వస్తాను."

"ఇప్పుడే రా. రేపన్నావంటే నేను నమ్మను."

"ఇప్పుడే," అంది వాల్బోర్గ్.

చెల్లెలు భుజం ఇచ్చింది. అక్క కాసేపు ఆ భుజం వైపు చూసి, చెయ్యి వేసి లేచింది. మెట్లు దిగడానికి తోడు కావాలి మరి.

బ్రాండార్ఫ్ గొంతు సవరించుకున్నాడు. శ్రీమతి బ్రోక్ గారూ, మీరు ఇప్పుడు వెళ్ళిపోతే ఆచారం ప్రకారం పాత్రని వదిలేసుకున్నట్టవుతుంది, పన్నెండింటికి నేను పేర్లు పంపించాలి అని చాలా మర్యాదగా చెప్పాడు. రెండోసారి కాస్త గట్టిగా చెప్పాడు. వాళ్ళిద్దరూ అప్పటికే గుమ్మం దగ్గర ఉన్నారు. తోరా ఏదో అడుగుతోంది, వాల్బోర్గ్ కొలతలు, గౌను అంటూ ఏదో జవాబు చెబుతోంది.

అగ్నేటా పిలిస్తే ఆగేవారే. ఒక్క మాట, అమ్మా అంటే చాలు. తల్లి అంత నెమ్మదిగా, ఎవరి అడుగుకో తన అడుగు కలుపుతూ నడవడం ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు. పిలవలేకపోయింది.

తలుపు మూసుకుంది. చాచిన చెయ్యి అగ్నేటా నెమ్మదిగా దించుకుంది.

"నియమం నేను పెట్టింది కాదు," అన్నాడు బ్రాండార్ఫ్, ఎవరూ అడక్కుండానే. తరవాత కాగితం చూసుకుని ఇంగర్‌ని పిలిచాడు.

ఇంగర్ లేచి వచ్చింది. అగ్నేటా మొహం చూడటానికి మొహమాటపడి నేల చూస్తూ వచ్చింది. ఆయనే ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి అలమారా పక్కన నిలబెట్టాడు. పియానో మొదలైంది. ఇంగర్ ఎగిరి మెత్తగా, బడిలో నేర్పినట్టే, ఈక రాలినంత మెత్తగా దిగింది. హోల్గర్ తన మొదటి తుమ్ము స్వరం వాయించాడు. అది గది మధ్యలో ఒంటరిగా అరిచి ఊరుకుంది.

బ్రాండార్ఫ్ మొహం చిట్లించి పియానో ఆపించాడు. గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది. ఇంగర్ ఊపిరి తీసుకుంటూ చుట్టూ చూసి, చివరికి తన స్నేహితురాలి వైపు తిరిగింది.

"అగ్నేటా, ఇక్కడ ఏదో ఉన్నట్టుంది కదూ. ఈ అలమారా ఎందుకో నీకేమైనా తెలిసిందా?"

మూడు మాటల్లో చెప్పగలిగిన సంగతి. కానీ అది ముందు అమ్మకి చెప్పాల్సిన పెద్దమ్మ ఈ పాటికి ట్రామ్ ఎక్కి ఉంటుంది, అమ్మ చేతుల మీదుగా రాకుండా తను బయటపెట్టేది కాదు. హాలంతా తన వైపే చూస్తోందని అగ్నేటాకి తెలుస్తూనే ఉంది.

"నాకు తెలీదు," అంది.

హోల్గర్ తలెత్తి కూతుర్ని చూశాడు. అగ్నేటా కిటికీ వైపు తిరిగి నిలబడింది.